శ్రీనగర్ – ద్రాస్ – కార్గిల్ – బటాలిక్ – లేహ్: బైక్ మీద యుద్ధాల దారిలో

తెనాలి_సంచారి | రాత్రి 9:12

అందరికీ నమస్కారం. జులైలో నేనూ ఒక ఫ్రెండూ శ్రీనగర్ నుంచి లేహ్ దాకా బండ్ల మీద వెళ్లొచ్చాం. ఇక్కడ లద్దాఖ్ రిపోర్టులకు కొదవలేదు గానీ అన్నీ దాదాపు ఒకే తీరు. పొద్దున శ్రీనగర్‌లో బయల్దేరడం, ద్రాస్‌లో కార్గిల్ యుద్ధ మెమోరియల్ దగ్గర అరగంట, చీకటి పడ్డాక కార్గిల్‌లో లాడ్జి, తెల్లారగానే లేహ్‌కి పరుగు. ఖర్దుంగ్ లా కనుమ బోర్డు పక్కన ఫొటో దిగితే గానీ మనవాళ్లకు ఊపిరాడదు. నన్నడిగితే ఈ దారిలో ఆగాల్సిన చోటు ద్రాస్‌కీ బటాలిక్‌కీ మధ్యలోనే ఉంది. 1948, 1965, 1971, 1999, పాకిస్తాన్‌తో జరిగిన ఈ నాలుగు యుద్ధాల్లోనూ ఈ కొండల మీద పోరాటం జరిగింది. ఏ శిఖరం ఎప్పుడు ఎవరి చేతిలో ఉందో అక్కడ టీ కొట్టు ఆయన కూడా వేలు పెట్టి చూపిస్తాడు.

సోనామార్గ్ వరకు రోడ్డు బాగుంది. 6.5 కిలోమీటర్ల కొత్త సొరంగం 2025 జనవరిలో తెరిచారు కదా, హిమపాతాల భయమున్న పాత ముక్క తప్పింది. అమర్‌నాథ్ యాత్ర రోజులు కావడంతో బాల్తాల్ మలుపు దాకా అడుగడుగునా చెకింగే. అక్కడి నుంచి జోజి లా ఎక్కడం మొదలు. 3,528 మీటర్లు, లద్దాఖ్ లెక్కలో చిన్న కనుమ కిందే వస్తుంది. కానీ లారీకీ లోయకీ మధ్య మన బండికి మిగిలే జాగా చూస్తే గొంతు ఎండిపోతుంది. మంచు కరిగిన నీళ్లు రోడ్డు మీదే పారుతుంటాయి. ఆ బురద దాటగానే దుమ్ము. కిందకి దిగేసరికి మా ఇద్దరి అవతారాలూ సున్నం బట్టీలోంచి లేచొచ్చినట్టు ఉన్నాయి. అక్కడ కొండ కింద తొలుస్తున్న సుమారు 13 కిలోమీటర్ల సొరంగం పని మన హైదరాబాద్ కంపెనీ మేఘా ఇంజనీరింగ్‌ది. టీ తాగుతుంటే వెనక బెంచీ మీద "ఒరేయ్, కారం ఉందా?" అని వినపడింది. తూర్పు గోదావరి అబ్బాయిలు!

ఈ ఎక్కుడు మీదకే 1948 నవంబర్ 1న జనరల్ తిమ్మయ్య ట్యాంకులు తీసుకొచ్చాడు. 7వ కావల్రీ వాళ్ల స్టువర్ట్ ట్యాంకులు. అవతలి వాళ్లకు అనుమానం రాకుండా టరెట్లు (ఫిరంగి ఉండే పై భాగాలు) విప్పేసి తరలించి, పైకి ఎక్కించే ముందు మళ్లీ బిగించారు. అంత ఎత్తులో ట్యాంకులు రావడం ప్రపంచంలో అప్పటివరకు ఎవరూ చూడలేదు. జోజి లా చేతికొచ్చాక అదే నెలలో ద్రాస్, కార్గిల్ కూడా వచ్చాయి. లేహ్‌కి రోడ్డు దారి తెరుచుకుంది. మొదటి గేర్‌లో, హాఫ్ క్లచ్ మీద, క్లచ్ ప్లేట్ల కమురు వాసన పీలుస్తూ ఎక్కుతుంటే నా బుర్రలో ఒకటే ప్రశ్న: ఆ ట్యాంకులు ఇక్కడ మలుపులు ఎలా తిరిగాయి?

మిగతాది రేపు రాస్తా.

ఓరుగల్లు_350 | రాత్రి 9:40

అన్నా, మస్తు రాసినవ్. మూడు డౌట్లు. నాది పాత కార్బ్యురేటర్ బండి, ఎక్కుతుందా? హైదరాబాద్ నుంచి బండి రైల్లో పంపాలా, అక్కడ అద్దెకు తీసుకోవాలా? మూడోది, పహల్గాం దాడి అయ్యాక కూడా కాశ్మీర్ ఏందిరా అని అమ్మకు ఒకటే టెన్షన్. ఏం చెప్పాలి?

తెనాలి_సంచారి | రాత్రి 10:05

తమ్ముడూ, బండి ఎక్కుతుంది, కాకపోతే మూలుగుతుంది. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది, కార్బ్యురేటర్ మాత్రం పెట్రోల్ అంతే పోస్తుంది. నల్ల పొగ వస్తుంది, పికప్ చచ్చిపోతుంది. శ్రీనగర్‌లోనే మెకానిక్‌తో ట్యూనింగ్ చేయించుకో, ఎయిర్ ఫిల్టర్ శుభ్రంగా ఉండాలి. ఫ్యూయెల్ ఇంజెక్షన్ బండి అయితే ఆ సర్దుబాటు అదే చేసుకుంటుంది.

సొంత బండి అయితే ఢిల్లీకో జమ్ముకో రైల్లో పార్సిల్ వెయ్యి. ట్యాంకులో పెట్రోల్ పూర్తిగా తీసేయాలి, గోనెపట్టాలతో ప్యాకింగ్ చేయించాలి, ఆర్‌సీ కాపీ ఇవ్వాలి. అద్దె బండితో ఒక చిక్కుంది. శ్రీనగర్‌లోనో మనాలీలోనో తీసుకున్న అద్దె బండితో లేహ్ దాకా రావచ్చు గానీ, లేహ్ దాటి నుబ్రా లోయ, పాంగాంగ్ సరస్సు వైపు తిరిగితే లేహ్ బైకుల సంఘం వాళ్లు ఆపేస్తారు. అక్కడ తిరగడానికి లేహ్‌లోనే అద్దెకు తీసుకోవాలి. సొంత బండి అయితే ఆర్‌సీ నీ పేరు మీదే ఉంటే గొడవ లేదు.

అమ్మకు రోజూ ఫోన్ చెయ్యి, అదే మందు. దానికి పోస్ట్‌పెయిడ్ సిమ్ కావాలి. మన ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్ము కాశ్మీర్‌లోనూ లద్దాఖ్‌లోనూ పనిచేయవు. పొద్దున బయల్దేరే ముందు ట్రాఫిక్ పోలీసుల సమాచారం చూసుకోండి, చీకటి పడ్డాక బండి తీయకండి.

ఫిరంగి_తాత | ఉదయం 5:30

సంచారి బాబూ, ట్యాంకులు ఎలా తిరిగాయని అడిగావు కదా. తిరిగేలా చేసింది మద్రాస్ సాపర్లు, అంటే సైన్యంలో రోడ్లు, వంతెనలు వేసే ఇంజనీర్ దళం. బాల్తాల్ నుంచి జోజి లా వరకు అప్పుడున్నది కంచరగాడిదలు నడిచే బాట. శత్రువు తుపాకుల కింద దాన్ని ట్యాంకులు పట్టేంత వెడల్పు చేశారు. ఆ దళంలోకి తీసుకునేది మన తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ కుర్రాళ్లనే. ట్యాంకుల కథ చెప్పేవాళ్లు వీళ్లను మర్చిపోతుంటారు, అందుకే పొద్దున్నే చెప్తున్నా.

మాది మిలిటరీ మాధవరం పక్క ఊరు, నేను ఫిరంగి దళంలో చేశాను. 99లో వేరే సెక్టార్‌లో ఉన్నాను. తర్వాత ద్రాస్‌లో ఒక చలికాలం గడిపాను, ఆ చలి గురించి అడగకండి. మీరు అక్కడ నిలబడ్డప్పుడు చూడాల్సింది ఒకటుంది. ద్రాస్ దగ్గర తోలోలింగ్ కొండ కింద రోడ్డు మీద నిలబడి పైకి చూడండి. పైన ఉన్నవాడికి మీ బండి నంబరు తప్ప అన్నీ కనపడతాయి. చలికాలంలో ఖాళీ చేసిన పోస్టుల్లో అవతలి వాళ్లు వచ్చి కూర్చున్నారు. లేహ్‌కీ సియాచిన్‌కీ సరుకు పోయేది ఈ రోడ్డు మీదే. లారీలు రాత్రిపూట లైట్లు ఆర్పుకుని నడిచేవి.

పాయింట్ 4875, పాయింట్ 5140 అని వింటుంటారే, అవి ఆ శిఖరాల ఎత్తు, మీటర్లలో. ఎక్కాల్సింది నిట్టనిలువు, దాక్కోవడానికి చెట్టు లేదు. అందుకే దాడులన్నీ రాత్రిళ్లు. తోలోలింగ్ కోసం 18 గ్రెనేడియర్స్ పటాలం వాళ్లు రోజుల తరబడి రక్తం ధారపోశారు, చివరికి జూన్ 13న 2 రాజ్‌పుతానా రైఫిల్స్ చేతికొచ్చింది. ఇక మా బోఫోర్స్ సంగతి. 155 ఎం.ఎం. ఫిరంగి మామూలుగా కొండ చాటు నుంచి, గురి కనపడకుండా లెక్కలు కట్టి కాలుస్తుంది. ద్రాస్‌లో దాన్ని ఎదురుగా తెచ్చి, బంకర్‌ను కంటితో చూస్తూ కాల్చారు. పైగా గాలి పలచన కాబట్టి గుండు మామూలు కన్నా దూరం పోతుంది. పాత లెక్కలు అక్కడ పనికిరావు.

నల్గొండ_నవీన్ | ఉదయం 10:18

తాతగారికి దండం. కానీ నాకు మొదటి నుంచి ఒక ఇబ్బంది ఉంది, చెప్పేస్తా. నేను కిందటేడు ద్రాస్ వెళ్లా. మెమోరియల్ గోడ మీద పేర్లు చదువుతుంటే వెనక ఒక గుంపు రీల్ తీసుకుంటోంది. బయట సైలెన్సర్లు పీకేసిన బండ్ల మోత. లోపల టీషర్టులు, కప్పులు అమ్ముతున్నారు. ఆ యుద్ధంలో పోయిన 527 మంది గుర్తుగా కట్టిన చోటిది. దాన్ని టూర్ ప్యాకేజీలో "ఫొటో పాయింట్" అని రాస్తే ఎలా? ఇలాంటి రిపోర్టులు కూడా తెలియకుండా అదే పని చేస్తున్నాయేమో ఆలోచించండి.

భీమిలి_భార్గవి | ఉదయం 11:02

నవీన్ గారూ, సైలెన్సర్ల విషయంలో మీతోనే ఉన్నా. అక్కడ బండి ఆపగానే ఇంజిన్ కట్టేయాలని మా గ్రూపులో రూలే పెట్టుకున్నాం. కానీ "వెళ్లకండి, రాయకండి" అంటే ద్రాస్ వాళ్లు ఏం తిని బతకాలి? ఏడాదిలో సగం మంచు. 99లో గుండ్లు పడుతుంటే ఇళ్లు వదిలి పారిపోయినవాళ్లు, సైన్యానికి వీపుల మీద సరుకు మోసినవాళ్లు అక్కడి జనమే. మేం దిగిన హోమ్‌స్టే ఆమె "మా ఊరి పేరు యుద్ధం వల్లే అందరికీ తెలిసింది, ఇప్పుడు జనం వస్తుంటే సంతోషమే, ఒక పూట ఉండి పోతే ఇంకా సంతోషం" అంది. అరగంట ఆగి పోయే బండ్ల వల్ల వాళ్లకు మిగిలేది దుమ్మే.

నల్గొండ_నవీన్ | ఉదయం 11:20

ఉండి పోవడం గురించి నాకేం అభ్యంతరం లేదండీ. ఉండేవాళ్లు ఎంతమంది అన్నదే నా ప్రశ్న. రీల్స్ మీద నా మాట మారదు.

తెనాలి_సంచారి | రాత్రి 9:30

నవీన్ గారి మాటలో న్యాయం ఉంది. మేం వెళ్లిన రోజు కూడా ఒక గుంపు అలాగే ఉంది, డ్యూటీలో ఉన్న జవాను వచ్చి మర్యాదగా ఆపించాడు.

మెమోరియల్ ద్రాస్ ఊరు దాటాక భీంబట్ దగ్గర, సరిగ్గా తోలోలింగ్ పాదం కింద ఉంది. గుర్తింపు కార్డు చూపించాలి. ఒక జవాను అందరినీ కూర్చోబెట్టి ఏ కొండ ఏదో చూపిస్తూ చెప్తాడు, అది వినకుండా కదలకండి. నేను వెతికిన పేరు మేజర్ పద్మపాణి ఆచార్య. హైదరాబాద్ మనిషి. 1999 జూన్ 28 రాత్రి నోల్ అనే గుట్ట మీద 2 రాజ్‌పుతానా రైఫిల్స్ కంపెనీని ముందుండి నడిపిస్తూ చనిపోయారు. మహావీర్ చక్ర ఇచ్చారు. అదే దాడిలో కెప్టెన్ విజయంత్ థాపర్ కూడా పోయాడు, వయసు 22. ఆ నోల్ ఎక్కడో ఆ జవానే వేలితో చూపించాడు. కింద నుంచి చూస్తే పెద్ద కొండల మధ్య ఒక చిన్న బొడిపె, అంతే. దాని కోసమా ఇంత అనిపిస్తుంది. తాతగారు చెప్పినట్టు పైనుంచి రోడ్డు ఎలా కనపడుతుందో ఊహించుకుంటే అప్పుడు తెలుస్తుంది.

ద్రాస్ నుంచి కార్గిల్ సుమారు 60 కిలోమీటర్లు, నది పక్కనే రోడ్డు, నునుపు తారు. బండి దానంతటదే పరిగెడుతుంది. కక్సర్ వైపు నియంత్రణ రేఖ బాగా దగ్గర. ఒకప్పుడు ఈ రోడ్డు మీద "మీరు శత్రువు కంట్లో ఉన్నారు" అన్న అర్థంలో హెచ్చరిక బోర్డులు ఉండేవి, చూపు ఆనకుండా రోడ్డు పక్కన గోడలు కట్టారు.

అసలు నేను రాయాలనుకున్నది హుందర్మాన్ గురించి. కార్గిల్ నుంచి ఓ పది కిలోమీటర్లు. ఎక్కుడు రోడ్డు, మలుపుల్లో కంకర, వెనక మనిషి ఉంటే జాగ్రత్త. ఈ ఊరు 1971 దాకా పాకిస్తాన్ చేతిలో ఉంది. ఆ డిసెంబర్ యుద్ధంలో మన వైపు వచ్చింది. అప్పుడు అవతల చుట్టాలింటికో పనికో వెళ్లినవాళ్లు అక్కడే ఉండిపోయారు. పాత ఊరు ఇప్పుడు ఖాళీ. కొండ వాలుకు ఒకదాని మీద ఒకటి అతికించినట్టు రాతి ఇళ్లు, కొట్టాలు, వంగి దూరాల్సిన గుమ్మాలు. జనం పైన కొత్త ఊరు కట్టుకున్నారు. పాత ఇళ్లలో ఒకదాన్ని చిన్న మ్యూజియం చేశారు. వంట పాత్రలు, పాత నాణేలు, గుండ్ల తొడుగులు, అవతల ఉండిపోయిన బంధువులు రాసిన ఉత్తరాలు. చూపించిన కుర్రాడు బాల్టీ (అక్కడి వాళ్ల భాష) యాస హిందీలో ఒక ఉత్తరం చదివి వినిపించాడు. పెళ్లి కబురు, ఎవరికో జబ్బు, పశువుల సంగతి. రాజకీయం ఒక్క ముక్క లేదు.

పైన చూసే చోట బైనాక్యులర్ అద్దెకిస్తారు. అవతల బ్రోల్మో అనే ఊరు కనిపిస్తుంది. పొలాలు, చెట్లు, ఒక ఆడమనిషి దేన్నో ఆరబోస్తోంది. నా ఫ్రెండ్ "ఇంతేనా పాకిస్తాన్?" అన్నాడు. కుర్రాడు నవ్వి ఊరుకున్నాడు.

ఫిరంగి_తాత | ఉదయం 5:41

కార్గిల్ మీద ఇంకొక శిఖరం ఉంది, పాయింట్ 13620. ఇది పాత మ్యాపు లెక్క, అడుగుల్లో. ఊరూ రోడ్డూ రెండూ దాని కిందే. 1965 మేలో మనవాళ్లు పట్టారు, ఐక్యరాజ్య సమితి హామీ మీద వెనక్కిచ్చారు. ఆగస్టులో మళ్లీ పట్టారు, తాష్కెంట్ ఒప్పందంలో మళ్లీ వదిలారు. 1971లో మూడోసారి ఎక్కాల్సి వచ్చింది. 1971 డిసెంబర్ 17న ఎవరు ఎక్కడున్నారో అదే నియంత్రణ రేఖకు ఆధారమైంది కాబట్టి ఈసారి మిగిలింది. ఒకే కొండకు మూడుసార్లు ప్రాణాలు పెట్టారు. ఒప్పందాలు రాసే బల్లలు కొండకు చాలా దూరంలో ఉంటాయి బాబూ.

ఇంకో మాట. రోడ్డు దిగి కొండ వాలుల్లోకి నడవకండి. పేలని గుండ్లు ఆ నేలలో ఇంకా ఉన్నాయి. ఇనుప ముక్క ఏది కనపడినా ముట్టుకోవద్దు.

మ్యూనిక్_మోహన్ | మధ్యాహ్నం 1:15

చదువుతుంటే మా వైపు ఒక దారి గుర్తొచ్చింది. స్లోవేనియాలో వర్షిచ్ కనుమ, 1,611 మీటర్లు, 50 హెయిర్‌పిన్ మలుపులు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రియా సైన్యం సోచా నది యుద్ధరంగానికి సరుకు పంపడానికి రష్యా ఖైదీలతో వేయించిన రోడ్డు. 1916 మార్చిలో హిమపాతం వాళ్లను ముంచేసింది. మలుపు పక్కన వాళ్లు కట్టిన చిన్న చెక్క చర్చి ఇప్పటికీ ఉంది. బైకర్లలో ఎక్కువమంది మలుపులు లెక్కపెట్టుకుంటూ దాని ముందు నుంచే దూసుకుపోతారు. నవీన్ గారి బాధ ఇక్కడా ఉంది.

భీమిలి_భార్గవి | సాయంత్రం 6:48

హుందర్మాన్ నచ్చినవాళ్లు తుర్తుక్ కూడా వెళ్లండి. నుబ్రాలో, శ్యోక్ నది వెంట. అదీ బాల్టీ ఊరే, 1971లోనే మన వైపు వచ్చింది. మేజర్ చెవాంగ్ రించెన్ లద్దాఖ్ స్కౌట్స్‌తో వచ్చి పట్టుకున్నాడు. నుబ్రా మనిషే. 1948లో కుర్రాడిగా ఉన్నప్పుడే ఒక మహావీర్ చక్ర, 71లో రెండోది. పర్యాటకులకు ఊరు తెరిచింది 2010లో. ఆప్రికాట్ చెట్లు, పిల్ల కాలువలు, గోధుమపిండితో చేసే వంటలు. మేం దిగిన ఇంటి పెద్దాయన "నేను ఊరు కదల్లేదు, దేశమే మారింది" అన్నాడు మామూలుగా, టీ పోస్తూ.

ఆడవాళ్ల కోసం: జోజి లా ఎక్కేదారిలో టాయిలెట్ ఆశ పెట్టుకోవద్దు, సోనామార్గ్‌లోనే చూసుకోండి. ఒంటరిగా వెళ్లినా కార్గిల్‌లో నాకు ఇబ్బంది అనిపించలేదు. ఊరు కాస్త సంప్రదాయంగా ఉంటుంది, ఒళ్లంతా కప్పే బట్టలు వేసుకుంటే మనకే హాయి. సంచారి గారూ, బటాలిక్ గురించి రాయలేదేం?

తెనాలి_సంచారి | రాత్రి 9:55

వస్తున్నా అక్కా. కార్గిల్ నుంచి హైవే వదిలి హంబుటింగ్ లా మీదుగా బటాలిక్, అక్కడి నుంచి సింధు నది వెంట దాహ్, హను మీదుగా ఖల్సీ దగ్గర మళ్లీ హైవే. హైవే మీది నమికా లా, ఫోటు లా కనుమలు, లామాయూరు బౌద్ధారామం పోతాయి, అదొక్కటే లోటు. రోడ్డు సన్నం, ట్రాఫిక్ దాదాపు సున్నా, మధ్యలో పెట్రోల్ బంకు మీద నమ్మకం పెట్టుకోకుండా కార్గిల్‌లో ఫుల్ కొట్టించాలి. 1999లో చొరబాటుదార్లను మొదట చూసింది ఈ వైపే. గార్ఖోన్ ఊరి తాషీ నమ్‌గ్యాల్ అనే పశువుల కాపరి తప్పిపోయిన యాక్ కోసం కొండెక్కి, మే మొదట్లో మనుషుల్ని గమనించి సైన్యానికి చెప్పాడు. 2024 డిసెంబర్‌లో పోయారు. ఖలుబార్ ఈ కొండల్లోనే, కెప్టెన్ మనోజ్ పాండే పరమవీర్ చక్ర అక్కడిదే.

నాకు మొత్తం ప్రయాణంలో బండి నడపడం బాగా నచ్చిన ముక్క ఇది. పక్కన సింధు బూడిద రంగులో పరవళ్లు, రాళ్ల మధ్య అకస్మాత్తుగా పచ్చటి ఊరు, మళ్లీ రాళ్లు. పూలు తలలో పెట్టుకునే బ్రోక్పా జనం కనిపిస్తారు. దయచేసి కెమెరా మొహం మీద పెట్టకండి.

పేట_కుర్రాడు | రాత్రి 10:20

మాది సూర్యాపేట. కల్నల్ సంతోష్ బాబు గారి విగ్రహం ముందు నుంచే రోజూ ఆఫీసుకు పోతాను. ఆయన గల్వాన్‌లో చైనా సైనికులతో పోరాడి చనిపోయిన 2020 జూన్ 15 రాత్రి మా ఊళ్లో ఎవరికీ మర్చిపోయే రాత్రి కాదు. మన బైకులు ఆయన పోరాడిన వైపు ఎంత దూరం పోగలవు?

ఫిరంగి_తాత | ఉదయం 5:35

నాయనా, గల్వాన్ అనుకుని బయల్దేరకు. ఆ వైపు ఏది ఎప్పుడు తెరుస్తారో లేహ్‌లో అధికారులను అడిగాకే మాట్లాడుకోవాలి. నువ్వు పాంగాంగ్ ఒడ్డునే మాన్, మేరాక్ దాటి చుషూల్ వెళ్లు. అక్కడ రెజాంగ్ లా స్మారకం ఉంది. చైనా యుద్ధంలో, 1962 నవంబర్ 18న 13 కుమావూన్ చార్లీ కంపెనీ, మేజర్ షైతాన్ సింగ్. మధ్యలో శిఖరం అడ్డు, మన ఫిరంగులు వాళ్లకు సాయం చేయలేకపోయాయి. నూట పాతిక మంది కూడా లేరు, 114 మంది అక్కడే పోయారు. మరుసటి ఏడాది వెతికితే చాలామంది తుపాకీ పట్టుకునే ఉన్నారు. ఫిరంగి దళం వాడిగా నాకు ఆ చోటు అన్నిటికన్నా కష్టం.

మోడరేటర్ | ఉదయం 9:00

మంచి చర్చ. పర్మిట్ల ప్రశ్నలు "లద్దాఖ్ అనుమతులు" దారంలో అడగండి, నియమాలు తరచూ మారుతున్నాయి. నవీన్ గారి రీల్స్ చర్చకు విడిగా దారం తెరిచాను.

ఓరుగల్లు_350 | రాత్రి 8:44

అన్నా, అమ్మ ఒప్పుకుంది, పోస్ట్‌పెయిడ్ సిమ్ కొన్నా. సెప్టెంబర్ మూడో వారం పోతే చలి తట్టుకుంటమా? ఆవకాయ సీసా పట్టుకుపోవాలా?

తెనాలి_సంచారి | రాత్రి 9:10

సెప్టెంబర్ మంచి నెల, వాగుల్లో నీళ్లు తగ్గుతాయి, ఆకాశం తేటగా ఉంటుంది. తెల్లవారుజామున ద్రాస్‌లో వేళ్లు కొంకర్లు పోతాయి, లోపల ఒకటి బయట ఒకటి రెండు గ్లౌజులు పెట్టుకో. అక్టోబర్‌లోకి జారితే జోజి లా మీద మంచు ఎప్పుడైనా పడొచ్చు. లేహ్ చేరాక రెండు రాత్రులు కదలకుండా ఉండు. తలనొప్పి, వాంతులు మొదలైతే ఇంకా పైకి వెళ్లొద్దు. ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర వేసుకోవాలో వద్దో ఇక్కడే మీ డాక్టర్‌ని అడుగు. ఆవకాయ సీసాలో వద్దు, ప్లాస్టిక్ డబ్బాలో పట్టుకెళ్లు. ధాబాల్లో రాజ్మా చావల్ బాగానే ఉంటుంది గానీ మూడో పూటకి నీకే తెలుస్తుంది.

ఓరుగల్లు_350 | రాత్రి 9:26

సరే అన్నా. రేపు కాజీపేట స్టేషన్‌కి పోయి పార్సిల్ రేటు కనుక్కుని ఇక్కడే పెడతా.